రాజేశం వాల్యూమ్ డబ్బా

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను కోరుట్ల నుంచి సిరిసిల్లకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఒక శిక్షణ సంస్థలో ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్ట్రక్టర్‌ని. మరమగ్గాల పని తగ్గినవాళ్లకు ఆడియో రిపేరు నేర్పే ఆరు నెలల కోర్సు అది. చివర్లో ప్రతి ఒక్కరూ ఒక పరికరం తయారుచేసి చూపించాలి. జగిత్యాల నుంచి వచ్చే ట్రైనింగ్ ఆఫీసర్, నాకంటే ఒక మెట్టు పై అధికారి, మార్కులు వేస్తాడు.

నా క్లాసులో రాజేశం అందరికంటే పెద్దవాడు. ఇంటి వెనక గదిలో రెండు మగ్గాలు, అవీ వారంలో సగం రోజులు ఊరికే ఉండేవి. కోరుట్లలో సౌండ్ రిపేరు దుకాణం యజమాని, సర్టిఫికెట్ తెస్తేనే పనిలో పెట్టుకుంటానన్నాడు. అందుకని రాజేశం ఈ కోర్సు మీదే ఆశ పెట్టుకున్నాడు.

ఆయన తమ్ముడు దుబాయి నుంచి ఒక పవర్ యాంప్లిఫయర్ తెచ్చి ఇచ్చాడు. దానికి వాల్యూమ్ తిప్పే మర లేదు. దాని ముందు, సిగ్నల్‌ను పెంచి పంపే ప్రీయాంప్లిఫయర్ పెట్టాలని అందరూ చెప్పారట. అక్కర్లేదన్నాను నేను. సీడీ ప్లేయర్ ఇచ్చే సిగ్నల్ ఆ యాంప్లిఫయర్‌కు కావలసినదానికంటే ఎక్కువే. తగ్గించే పని ఒక్కటే మిగులుతుంది. దానికి తిప్పితే నిరోధం మారే పాట్ ఒకటి, నాలుగు సాకెట్లు, ఒక రేకు డబ్బా చాలు. కరెంటు లేదు, ట్రాన్సిస్టర్ లేదు, కాబట్టి అవి కలిపే రొదా లేదు. పదివేల ఓములదైతే మేలు, కానీ స్టోర్‌లో లక్ష ఓముల పాట్ మాత్రమే ఉంటే అదే ఇచ్చాను. రాజేశం సోల్డరింగ్ చూసి ముచ్చటపడ్డాను. పోగులు అతికిన వేళ్లు కదా.

పరీక్షకు వారం ముందు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మేడం, క్లాసుల మంచిగనే పాడింది. ఇంటికాడ గొంగడి కప్పుకొని పాడినట్టున్నది. నా సోల్డరింగే ఖరాబైందేమో."

ఇంటికి వెళ్లి చూశాను. ముందు గదిలో ఆయన భార్య బీడీలు చుడుతోంది. యాంప్లిఫయర్, స్పీకర్లు ఆమె పక్కనే ఉన్నాయి. డబ్బా మాత్రం వెనక గదిలో, సీడీ ప్లేయర్ పక్కన, మగ్గానికి కట్టి ఉంది. మధ్యలో ముప్పై మూరల వైరు! ఎందుకయ్యా అంటే నన్నే వింతగా చూశాడు.

"వైపనికి కూసుంటె లేవరాదు మేడం. పోగుల వరుస తప్పుతది. వాల్యూమ్ చేతికాడ ఉండాలె గద?"

వైపని అంటే పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం. మగ్గం ఆగి, పాట వినపడేది కూడా ఆ పూటే.

తప్పు నాదే. పొడవైన వైరును నడిపే శక్తి ప్రీయాంప్లిఫయర్‌కు ఉంటుంది, ఈ డబ్బాకు ఉండదు. అందులోనూ లక్ష ఓముల పాట్. వైరు పొడుగయ్యే కొద్దీ పాటలోని సన్నని శబ్దాలు దారిలోనే పోతాయి. ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, డబ్బా ఎక్కడ పెడతావని ఒక్క మాట అడగలేదు. సిగ్గేసింది. డబ్బా నుంచి యాంప్లిఫయర్‌కు మూరెడు వైరు దాటకూడదని చెప్పాను.

రాజేశం మగ్గం దగ్గరికి వెళ్లి చుట్టూ చూశాడు. "మరి స్పీకర్ వైరు పొడుగైతె నష్టమా?"

లావుది వేస్తే పెద్ద నష్టం లేదన్నాను.

"గట్లయితె యాంప్లిఫయర్నే మగ్గం కాడికి తెస్త. స్పీకర్లు ఆమె కాడనే ఉంటయి."

ఆ ఉపాయం నాకు తట్టనే లేదు.

పరీక్ష రోజు ఆఫీసర్ డబ్బాను చేతిలో ఊపి చూశాడు. "ఏందయ్యా గిది? కరెంటు లేదు, బల్బు లేదు. ఖాళీ డబ్బాకు మార్కులెయ్యాల్నా?"

వైవాలో ఇన్‌స్ట్రక్టర్ నోరు విప్పకూడదు.

రాజేశం తడబడలేదు. "పెంచుడు అవసరమే లేనికాడ పెంచే మిషిని ఎందుకు సార్? తగ్గిచ్చుడే దీని పని. గని దీనికి ఒక లోపమున్నది, వినుండ్రి." ముందు ముప్పై మూరల వైరు, తర్వాత మూరెడు వైరు తగిలించి అదే పాట పెట్టాడు. ఆఫీసర్ రెండుసార్లు వైర్లు మార్పించుకుని విన్నాడు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు రాజేశానికే పడ్డాయి. నా ప్రమోషన్ ఆర్డర్ వచ్చిన రోజు కూడా నేనంత గర్వపడలేదు.

రాజేశం ఇప్పుడు కోరుట్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. పరీక్ష మర్నాడు నా ప్రాక్టికల్ రికార్డులో, పరికరం మొదలుపెట్టే ముందు విద్యార్థులను అడిగే మొదటి ప్రశ్నను కొట్టేసి కొత్తది రాశాను. రిటైరయ్యే దాకా దాన్ని మార్చలేదు: ఈ పరికరం వాడే మనిషి ఎక్కడ కూర్చుంటాడు, అప్పుడు ఆయన చేతులు ఏం చేస్తుంటాయి?