ఊరివైపు కొట్టుకుపోయిన చెప్పు

మా చిన్నదాని గులాబీ రంగు చెప్పు ఊరివైపు కొట్టుకుపోతుంటే చూసిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. నీళ్ళు అప్పటికి నా పాదం మునిగేటన్ని కూడా లేవు. నన్ను భయపెట్టింది ఆ చెప్పు వెళ్తున్న దిక్కు. మాకు కుడివైపు సముద్రం, ఎడమవైపు ఊరు. నాకు తెలిసినంతలో నీళ్ళు ఊళ్ళోంచి సముద్రానికి పోవాలి. ఆ చెప్పు మాత్రం సముద్రం వైపునుంచి వచ్చి, నా ముందునుంచి తీరిగ్గా దాటి, ఊరివైపు వెళ్ళిపోతోంది.

మేం అప్పుడు ఓడలరేవు దగ్గర ఒక పాయ మధ్యలో, ఇసుక దిబ్బ మీద, బోర్లించిన పాత పడవ పక్కన ఉన్నాం. నేను, నా ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి అయిదు. పెద్దదాని చేతిలో ఫోను ఉంది. చిన్నదాని చేతిలో రెండో చెప్పు ఉంది.

అక్కడికి ఎందుకు వెళ్ళామో చెప్పాలి. నేను అమలాపురంలో ఇంట్లోనే కూర్చుని ఒక చిన్న కంపెనీకి వెబ్‌సైట్లు పరీక్ష చేసి పెడుతుంటాను. బీయస్సీ కంప్యూటర్లు చదివాను, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ తరవాత దొరికిన పని ఇది. నేను భయస్థురాలిని. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే మనిషిని. "ఆవిడ భయపడకపోతే నాకు భయమేస్తుందండీ" అని మావారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటారు. కానీ ఈ పనికి ఆ గుణమే కావాలి. ఏ బటన్ ఎక్కడ నొక్కితే ఏం పాడవుతుందో ఊహించుకుంటూ కూర్చోవడానికి నాకు జీతం ఇస్తున్నారు. ఈ పని నాకు బాగా వచ్చు.

ఈసారి వచ్చిన వెబ్‌సైట్ ఇంట్లో కూర్చుని చూసేది కాదు. జియోకాషింగ్ అనే ఆటకోసం చేసింది. ఒకరు ఒక చిన్న డబ్బాలో పుస్తకం, పెన్సిలు పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటును వెబ్‌సైట్లో గుర్తుపెడతారు. మిగతావాళ్ళు ఫోనులో కనిపించే బాణం వెంట వెళ్ళి, డబ్బా వెతికి పట్టుకుని, పుస్తకంలో పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. బాణం కింద ఇంకా ఎన్ని మీటర్లు ఉందో అంకె కనిపిస్తుంటుంది. పిల్లలకు వేసవి సెలవులు కాబట్టి పై శనివారం మా కోనసీమలోనే ఆట మొదలుపెట్టాలని కంపెనీవాళ్ళు అనుకున్నారు. కుటుంబాలు, ఒక బడి పిల్లలు వస్తామని చెప్పారు. మొత్తం అయిదు డబ్బాలు. దాచింది నేనే, పరీక్ష చేయాల్సిందీ నేనే. అన్నీ బాగున్నాయని నేను రాసి పంపితేగాని వెబ్‌సైట్ తెరవరు.

పరీక్షకి మంచి ఫోను తీసుకువెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. అత్తయ్యగారి పాత ఫోను తీసుకున్నాను. గాజుమీద ఒక మూలనుంచి ఇంకో మూలకు బీట ఉంది, చార్జింగ్ పూటకూడా నిలవదు. ఆటకు వచ్చేవాళ్ళలో సగంమంది చేతుల్లో అలాంటి ఫోన్లే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో బూడిదరంగు అక్షరాలు కనపడటం లేదని నేను రాస్తే వాటిని నల్లగా మార్చారు. "దొరికింది" అనే బటన్ నా బొటనవేలికి అందడం లేదని రాస్తే పెద్దది చేశారు. మురమళ్ళలో కొబ్బరితోట కింద బాణం తిక్కతిక్కగా తిరుగుతోందని రాస్తే, సిగ్నల్ సరిగా లేనప్పుడు ఆ సంగతి చెప్పేలా చేశారు. అప్పట్లో గ్యాసు పైపు పేలిన నగరం అనే ఊరివైపు, ఆ పైపులైను వెళ్ళే చోట్ల డబ్బా అన్నదే దాచవద్దని మొదటిరోజే పట్టుబట్టాను. గ్యాసు గురించి అంత ఆలోచించినదాన్ని నీళ్ళ గురించి ఆలోచించలేదు.

దానికి కారణం ఉంది. నేను పుట్టింది కొత్తపేట దగ్గర, కాలవ గట్టుమీద. మాకు నీళ్ళంటే లాకుల దగ్గర వదిలితే వచ్చేవి, కట్టేస్తే ఆగిపోయేవి. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అప్పుడు కాలవ అడుగున క్రికెట్ ఆడుకున్నవాళ్ళం మేము. క్రితం శనివారం ఉదయం తొమ్మిదింటికి డబ్బా దాచడానికి ఓడలరేవు వచ్చినప్పుడు, రోడ్డుకీ ఆ దిబ్బకీ మధ్య పాయ ఎండి ఉంది. అక్కడక్కడా చెమ్మ, పీతలు తవ్విన బొరియలు, మధ్యలో దిగి ఎక్కాల్సిన ఒక పల్లం. కాలవలు కట్టేశారు కదా, ఇంక ఇక్కడికి నీళ్ళెక్కడినుంచి వస్తాయి అనుకున్నాను. అంత ధీమాగా అనుకున్నాను. పడవ ముక్కు కింద ఇసుకలో డబ్బా పెట్టి ఫొటో తీసి పంపాను. ఆ ఫొటో అందరికీ నచ్చి, వెబ్‌సైట్ తెరవగానే కనపడేచోట పెట్టేశారు.

వారం తిరిగి మళ్ళీ శనివారం, మళ్ళీ అదే వేళకి పిల్లల్ని తీసుకుని ఆటోలో వచ్చాను. రోడ్డు దిగిన చోటునే మొదలుగా గుర్తుపెట్టి పెద్దదానికి ఫోను ఇచ్చాను. "నువ్వు నడిపించు, మేం నీ వెనకాల వస్తాం" అన్నాను. పరీక్షలో అదీ ఒక భాగమే, తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమవుతుందా లేదా అని. దానికి బ్రహ్మాండంగా అర్థమైంది. డెబ్బై, అరవై, నలభై అని గట్టిగా చదువుకుంటూ దిబ్బ మీదికి తీసుకువెళ్ళింది. కింద ఇసుక మొన్నటికంటే తడిగా ఉందని గమనించాను. గమనించి ఊరుకున్నాను. ఇసుక అంటుకుందని చిన్నది దిబ్బ అంచున చెప్పులు విడిచింది. డబ్బా దొరికింది. "దొరికింది" నొక్కితే పేజీ తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తుతూ, దించుతూ పది నిమిషాలు దానితోనే గడిపాను. తలెత్తేసరికి చెప్పు వెళ్తోంది.

రోడ్డువైపు చూశాను. మేం నడిచి వచ్చిన ఇసుక లేదు. దాని బదులు నీళ్ళు ఉన్నాయి, మెరుస్తూ, ఊరివైపు పరుగెడుతూ.

"అమ్మా, వెనక్కి వెళ్ళడానికి కూడా బాణం ఉంది" అంది పెద్దది. ఆటలో అదొక సదుపాయం, బయలుదేరిన చోటికి దారి చూపిస్తుంది. "డెబ్బై రెండు మీటర్లే!" అంటూ ఫోను ముందు పెట్టుకుని దిబ్బ దిగి నీళ్ళలోకి నడిచింది. ఒక అడుగు. రెండు. మూడో అడుగులో మోకాలిదాకా దిగింది.

నేను అరిచాను. నా పిల్లలమీద ఎప్పుడూ అలా అరవలేదు. అది అక్కడే బిగుసుకుపోయింది. వెళ్ళి జబ్బ పట్టుకుని దిబ్బ మీదికి లాక్కొచ్చాను.

అదే సమయంలో అవతల గట్టుమీదినుంచి ఇంకో అరుపు వినపడింది. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలావిడ, చేతిలో చీపురు ఊపుతోంది.

"అమ్మాయిగారో! అడ్డంగా రాకండి! నడిమిన పడవలెల్లే పల్లపు గాడుంది, పోటుకి నిలువులోతు! దిబ్బమ్మటే ఎడం పక్కకి పోండి, ఆ సరుగుడు చెట్లకాడ గట్టుకి కలుత్తాది!"

సరుగుడు చెట్లు చాలా దూరంలో కనిపించాయి. రోడ్డు ఎదురుగా, చేతికి అందేటంత దగ్గరలో ఉంది. ఆలోచించుకోవడానికి టైం తీసుకోలేదు. చిన్నదాన్ని చంకనెత్తుకుని, పెద్దదాని మణికట్టు పట్టుకుని రోడ్డుని పక్కకి వదిలేసి దిబ్బ వెంబడి ఎడమవైపు నడిచాను. దిబ్బ సన్నబడుతూ వచ్చింది. నీళ్ళు మడమలదాకా, తరవాత పిక్కలదాకా వచ్చాయి. కాళ్ళ కింద మాత్రం ఇసుక గట్టిగా ఉంది.

పెద్దది ఫోను వదల్లేదు. "అమ్మా, తొంభై అయింది" అంది. ఇంకొంచెం నడిచాక, "నూట ఇరవై. అమ్మా, ఎక్కువవుతోంది. మనం తప్పు వెళ్తున్నాం" అంది.

"ఎక్కువవనీ. నడు."

"నూట ఎనభై అమ్మా!"

"అవనీ. చదువుతూనే ఉండు, గట్టిగా చదువు" అన్నాను. దాని గొంతు వినపడుతున్నంతసేపూ అది నా పక్కనే ఉన్నట్టు. అది చదివింది. రెండు వందల నలభై దగ్గర నా కాలికి సరుగుడు ఆకులు గుచ్చుకున్నాయి. గట్టు ఎక్కాం.

మేం రోడ్డుమీదుగా తిరిగి వచ్చేసరికి ఆ ముసలావిడ ఒక రేకుడబ్బా బోర్లించి, కూర్చోమని చూపించింది. కొంగుతో చిన్నదాని కాళ్ళు తుడిచింది.

"ఏ ఊరండీ మీది?"

"అమలాపురమండీ. పుట్టిల్లు కొత్తపేట."

"ఆయ్, అదీ సంగతి! కాలవోళ్ళు" అని నవ్వింది. "మీకు లాకులోడు చెప్తే నీళ్ళొత్తాయి. మాకు చెప్పేవోడు పైనుంటాడు. ఇయ్యాల పున్నమి కదండీ, పెద్ద పోటు, సముద్రం పాయలోకి ఎక్కేత్తాది. పొద్దున్నే వత్తాది."

"పోయిన శనివారం ఇదే టైముకి వచ్చేనండీ, చుక్క నీళ్ళు లేవు."

"ఆయేళ అష్టమి. ఆ ఏళకి ఆటులో ఉంటాది, నీళ్ళు లాగేసి ఉంటాయి. కేలండరు చూసుకుని రావొద్దండీ?"

మా ఇంట్లో గోడకున్నది చర్చివాళ్ళు ఇచ్చిన కేలండర్. తేదీ కింద ప్రతిరోజూ ఒక వాక్యం ఉంటుంది, తిథి ఉండదు. ఆ మాటే చెప్పాను.

"మాదీ అదేనండీ! మొన్న క్రిస్మస్‌కి ఇచ్చేరు" అందావిడ. "కేలండరులో లేపోతే ఆకాశంలో కూడా లేదా ఏంటి? రాత్రి పెరట్లోకొచ్చి తలెత్తితే సరిపోయే."

చిన్నది పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పెద్దది నవ్వలేదు. ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నాకొద్దు" అంది.

ఇంటికి రాగానే మా టీమ్ లీడర్‌కి ఫోను చేశాను. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. జరిగింది చెప్పి, ఓడలరేవు డబ్బా తీసేయాలన్నాను.

"అయ్యో, పిల్లలు బానే ఉన్నారా మేడమ్?" అని ముందు అదే అడిగాడు. తరవాత, "కానీ ఫొటో అదే కదండీ. పై శనివారానికి మళ్ళీ అష్టమి వస్తుందంటున్నారు, ఆ టైముకి నీళ్ళుండవు కదా? పక్కన ఒక హెచ్చరిక రాసేద్దాం" అన్నాడు.

"ఆ ఒక్కరోజు అయ్యాక వెబ్‌సైట్ మూసేస్తారా అండీ?"

"లేదనుకోండి…"

"మా అమ్మాయి హెచ్చరిక చదవలేదండీ. బాణం చూసింది. మోకాలిదాకా దిగి కూడా బాణమే చూసింది. బడి పిల్లలు పాతికమంది వస్తే పాతికమందీ అదే చూస్తారు. ఈ డబ్బా ఉంటే నేను బాగుందని రాయను."

అతను, "సరేనండీ, తీసేస్తాను. ఇంకేం చేద్దాం?" అన్నాడు.

ఏం చేయాలో అప్పటికే కాగితంమీద రాసుకుని ఉన్నాను. ఓడలరేవులో కొత్త డబ్బా ఎక్కడ పెట్టాలో ఆ ముసలావిడనే అడిగి పెడతానన్నాను. డబ్బా దాచేవాళ్ళు నింపే పేజీలో రెండు ప్రశ్నలు కొత్తగా పెట్టించాను. ఈ చోటికి నీళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయి? ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరిని అడిగి తెలుసుకున్నారు? రెండోదానికి జవాబు రాయకపోతే పేజీ ముందుకు వెళ్ళదు. వెనక్కి దారి చూపే బాణం, దారిలో నీళ్ళున్నట్టు మ్యాపులో ఉంటే కనపడకుండా పోతుంది. సాయంత్రానికి చేసి పంపాడు. అత్తయ్యగారి ఫోనులోనే పరీక్ష చేశాను. పనిచేస్తోంది.

నేను పరీక్ష చేయని సంగతి ఒకటి మిగిలింది. పెద్దది అన్నం సరిగా తినలేదు. వాళ్ళ నాన్న ఎంత నవ్వించబోయినా గోడవైపు తిరిగి పడుకుంది. నీళ్ళలోకి దిగడం తన తప్పే అనుకుంటోందని నాకు తెలుసు. నేను చిన్నప్పుడు అలాగే పడుకునేదాన్ని. దానికి నా భయం అంటించకూడదని ఇన్నాళ్ళూ జాగ్రత్తపడ్డాను. ఒక్క అరుపుతో అంటించేశానేమో అని ఆ రాత్రంతా అనిపించింది.

మర్నాడు పొద్దున్న, చర్చికి తయారుచేస్తూ ఇద్దర్నీ మంచంమీద కూర్చోబెట్టి జడలు వేస్తూ చెప్పాను. పెద్దదాని ముఖం అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది.

"నిన్న నువ్వు చేసిన పని బాగానే చేశావు. డబ్బా అక్కడ పెట్టింది అమ్మ. ఎవరినీ అడక్కుండా పెట్టింది. బాణం పాపం, నేనెక్కడ పెట్టానో అక్కడికే చూపించింది. నేను అరిచింది నీకు వినపడాలని. వినపడింది, ఆగావు, అందుకే మనం ఇంటికొచ్చాం. నూట ఎనభై, రెండొందలు అని నువ్వు చదువుతుంటే నాకెంత ధైర్యంగా ఉందో తెలుసా? రేపు మళ్ళీ వెళ్తున్నాం. కొత్త డబ్బా ఎక్కడ పెట్టాలో ఆ మామ్మగారు చూపిస్తారు, నువ్వు గుర్తుపెట్టాలి. ఫోను నీ దగ్గరే ఉంటుంది. చిన్నదానా, నువ్వు మాత్రం ఈసారి రెండు చెప్పులూ కాళ్ళకే ఉంచుకో."