తువ్వాల కింద తేలిన నా చదువు

బీదర్‌లో బి.ఏ. చదువుతున్న నాకు, మేజర్ సబ్జెక్టు ఎంచుకోవాల్సిన రోజు వచ్చినా ఏదీ తేలలేదు. అలాంటి వాళ్ళకు దారి చూపడానికి మా కాలేజీ చరిత్ర సారును సలహాదారుగా పెట్టింది. ఆయన మహా నిష్పక్షపాతి. కన్నడ ఇష్టమన్నవాళ్ళకూ, ఆర్థికశాస్త్రం ఇష్టమన్నవాళ్ళకూ ఒకే సలహా ఇచ్చారు: చరిత్ర.

నాకు తోడుగా మా నాన్న వచ్చాడు. గంజ్ మార్కెట్లో మాది పప్పుల టోకు వ్యాపారం. అక్కడ నోటితో ఎన్ని కోతలు కోసినా, అసలు ధర తువ్వాల కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. తువ్వాల కింద మాత్రం ఎవరూ అబద్ధమాడరు.

"చరిత్రకు మస్తు గిరాకీ ఉన్నది సేటు, సీట్లు అయిపోతున్నయి," అన్నారు సారు, పక్కనే ప్రిన్సిపాల్ వింటుండగా.

నాన్న భుజం మీది తువ్వాల తీసి, సారు చెయ్యి పట్టుకుని పైన కప్పేశాడు. "నోటితోని వద్దు సార్. ఎంతమంది చేరిండ్రో వేళ్ళతోని చెప్పుండ్రి."

గదంతా ఒకటే నవ్వు. నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను. సారు ముఖం కందగడ్డ అయింది కానీ, చెయ్యి లాక్కోలేదు.

నాన్న నా చెవిలో అన్నాడు: "వట్టి పిడికిలి పెట్టిండు బిడ్డా. ఒక్కరు గూడ చేరలే. ఎవ్వరు కొననప్పుడే కొనాలె. పెట్టు సంతకం!"

అలా నా జీవితాశయం ఖరారైంది. ఆ సలహా వల్ల దారి దొరికిన మాట నిజమే, సారుకు. ఇప్పుడు నేను ఒక్కరోజు మానేసినా ఆయన నాన్నకు ఫోన్ చేస్తారు: "సేటు, ఇయ్యాల డిపార్ట్‌మెంట్ రాలేదేంది?"