మహాను ప్రాణంతో పట్టిన రోజు

అల్ ఐన్‌లో నేను ఖర్జూరపు చెట్లకు పాదులు చేసే రోజుల్లో మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్, తన తోట వెనక మూడు మహాలను పెంచేవాడు. మహా అంటే అరబ్బుల ఎడారి జింక. తెల్లటి ఒళ్లు, బల్లేల్లాంటి రెండు నిటారు కొమ్ములు. వయసులో ఉన్నప్పుడు ఒంటె మీద తిరిగి వాటిని వేటాడిన మనిషే ఆయన. ఎడారిలో అవి కనబడకుండా పోయాక పెంచడం మొదలుపెట్టాడు.

ఒక ఎండాకాలం పొద్దున మగ మహా కంచె విరగ్గొట్టుకుని కొండ కింది మైదానంలోకి పారిపోయింది. కఫీల్, పఠాన్ డ్రైవరు, నేను, తోటపనిలో నా జోడీ అయిన మా పక్కూరివాడు, నలుగురం పికప్‌లో వెంటపడ్డాం.

"బందూక్ నై. జిందా పకడో," అన్నాడు కఫీల్. తుపాకీ వద్దు, ప్రాణంతోనే పట్టాలట.

బండి దగ్గరికి రాగానే అది పరుగు ఆపి మా మీదికే తిరిగింది. ఒక కొమ్ము తలుపు రేకును చీల్చుకుని నా జోడీ మోకాలి పక్కకు దిగింది.

"ఇది జింక గాదన్నా, యముని దున్నపోతు!" అన్నాడు వాడు కాళ్లు సీటు మీదికి లాక్కుంటూ.

బండిలోని వల విసిరితే చింపుకుని పోయింది.

మా ఊళ్లో అడవిపందులకు వల కట్టిన చేతులు నావి. తరిమితే దొరకదనీ, దాని దారిలోనే వల కట్టాలనీ వచ్చీరాని హిందీలో చెప్పాను. కఫీల్ సరేనని తలూపాడు.

మధ్యాహ్నం అది ఒక చెట్టు నీడలో పడుకుంది. కాస్త ఎడంగా ఉన్న రెండు తుమ్మచెట్ల మధ్య ఆ చిరిగిన వలనే రెండు మడతలు వేసి కట్టాం. కఫీల్, డ్రైవరు అవతలి నుంచి మెల్లగా నడిచి వచ్చారు. అది లేచి నేరుగా వలలో పడింది. నేను దాని మెడ మీద పడ్డాను. డెక్క తగిలి పక్కటెముకల్లో ఊపిరి ఆగినంత పనైంది.

"యల్లా, యల్లా!" అని కఫీల్ తొందరపెడుతూ అరుస్తున్నాడు. నా జోడీ కొమ్ములు పట్టుకుంటే, నీళ్ల పైపు ముక్కలు వాటి మొనలకు తొడిగాను. కఫీల్ తన తలగుడ్డ విప్పి దాని కళ్లకు కట్టాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్?" అని హిందీలో అడిగాడు.

"మా ఊళ్లో జింకల్ని పట్టి, సాబ్," అన్నాను. ముస్లిం యజమాని ముందు పందుల మాట ఎత్తలేను కదా. నా జోడీ మొహం తిప్పుకుని నవ్వాడు.

మర్నాడు కఫీల్ నా చేతిలోని పార తీసుకుని "ఖలాస్" అన్నాడు. ఆ రోజు నుంచి జంతువుల పని నాది. చలికాలం చివర్లో ఆడ మహా ఈనింది. గోధుమరంగు పిల్ల లేచింది, పడింది, మళ్లీ లేచింది. కఫీల్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అది తల్లి పొదుగు వెతుక్కునేదాకా ఇద్దరం కదల్లేదు.