ఆటోలో నిద్రపోయిన నడిపిది

ఈ రోజు ప్రార్థన అయ్యాక మొయినాబాద్‌లో కూరగాయలు కొని, ముగ్గురు పిల్లలతో చిల్కూరు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. దారిలో మా మలుపు రాగానే సంచి భుజాన వేసుకుని, చిన్నవాణ్ని ఎత్తుకుని, పెద్దదాని చేయి పట్టుకుని దిగాను. కిరాయి ఇవ్వగానే ఆటో వెళ్ళిపోయింది.

"అమ్మా, చెల్లె ఏది?" అని అడిగింది పెద్దది.

నాలుగేళ్ళ నడిపిది వెనక సీటు మూలలో నిద్రపోయింది. నేను దాన్ని లేపనే లేదు. ఆటో నంబరు చూడలేదు. డ్రైవర్ ముఖం కూడా గుర్తురాలేదు. చిన్నవాణ్ని మోస్తూ, పెద్దదాన్ని చేయి పట్టి లాక్కుంటూ రోడ్డు వెంట పరుగెత్తాను.

కాసేపటికి అదే ఆటో ఎదురొచ్చింది. లోపల ఒక అవ్వ ఒడిలో నా బిడ్డ ఇంకా నిద్రలోనే ఉంది.

"ఏం బిడ్డా, కూరగాయల సంచి మరువలే గాని పిల్లను మరిచినవా?" అంది అవ్వ.

"జర ఊకోవే అవ్వా, ఆమె ఎట్ల వణుకుతున్నదో చూడు," అన్నాడు డ్రైవర్.

ఇప్పుడు ముగ్గురూ వాకిట్లో ఆడుకుంటున్నారు. ఇది రాస్తూ మధ్యమధ్యలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నాను. పలికేదాకా ప్రాణం కుదుటపడటం లేదు. ముగ్గురు పిల్లలున్న అమ్మలూ, మూడో బిడ్డను మీరు ఏ చేత్తో పట్టుకుంటారో చెప్పండి.