మూతెడు నీళ్ళ గీత

ఆయన సరంజామా మూడే: రేకు పళ్ళెం, చవుడు మన్ను, సీసా మూతెడు నీళ్ళు. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో మాకు జాగ్రఫీ చెప్పిన సార్, ఎడారుల పాఠం వచ్చినప్పుడల్లా పళ్ళెం వాల్చి ఆ నీళ్ళు వంచేవారు. నీళ్ళు మన్నును సన్నగా కోసి ఆరిపోయేవి. మర్నాటికి ఆ గీత వెంట ఉప్పు గట్టిపడేది.

"ఏండ్లకొక్కపారి పడ్డా, కటిక ఎడారిని చెక్కేది గీ నీళ్ళే. పరీక్షల మాత్రం గాలి అని పెట్టుండ్రి. జవాబుల కీల గదే ఉంటది."

ఉద్యోగ పరీక్ష ఆయనా మాతోపాటే రాశారు. వయసు దాటిపోతోంది కనుక ఆయనకదే చివరిది. ఎడారిని చెక్కేదేదన్న ప్రశ్నే వచ్చింది. బయటికి రాగానే అడిగాను.

"గాలే కద సార్?"

"నీళ్ళని పెట్టిన."

"ఏంది సార్, మాకట్ల చెప్పి!"

"ఆఖరిపారి గదరా. తెలిసి తప్పు పెట్ట మనసొప్పలే."

కీలో గాలి అనే ఉంది. నాకు ఉద్యోగం వచ్చింది. ఆయనకు ఒక్క మార్కుతో పోయింది.

ఎల్బీనగర్‌లో ఆయన కిరాయి గదికి వెళ్ళేసరికి ఖాళీ చేసి పోయారు. ఎక్కడికో ఓనరుకూ తెలియదు. గోడల సున్నం ఆరాలని ఫ్యాను వేసి ఉంచాడు. దాని కింద పళ్ళెం మిగిలింది. అంచుల్లోని పొడి మన్నంతా ఎగిరిపోయింది. గీత మాత్రం చెదరలేదు.