ఎర్ర గుడ్డ కట్టిన తాడు

అమీర్‌పేటలో కాపురం పెట్టాక చెవులు మొద్దుబారిపోతాయి. హారన్లు, కోచింగ్ సెంటర్ల మైకులు, మెట్రో రైలు చప్పుడు, ఏదీ వినపడదు. అంబులెన్సు కూత మాత్రం వినపడుతుంది. పంజాగుట్ట దారిలో ఆసుపత్రులు ఉండబట్టి మా బాల్కనీ కిందనుంచి అవి రోజంతా పోతూనే ఉంటాయి. మా అమ్మాయికి ఏడేళ్లు. కూత వినపడితే నోటి దాకా వెళ్లిన ముద్దయినా సరే పళ్లెంలో పెట్టేసి, కళ్లు మూసుకుని దండం పెట్టేది. "లోపల ఉన్నవాళ్లు బాగుండాలి" అనేది. ఆ అలవాటు నేర్పింది నేనే. పిల్లాడికి నాలుగేళ్లు. వాడికి దండాలూ గిండాలూ లేవు. బాల్కనీలోకి పరుగెత్తాలి, బండిని చూడాలి, టాటా చెప్పాలి.

కిందటేడు వినాయక చవితికి ఇంకా వారం ఉందనగా మూడు రోజుల సెలవు కలిసొచ్చింది. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ మా ఆయనకు అప్పటికే ఒక పిచ్చి పట్టుకుంది. ఇంటిని బండిలో పెట్టుకుని తిరగాలట. యూసుఫ్‌గూడలో ఆయన స్నేహితుడొకాయన పాత టెంపో వ్యాన్‌ను అలాగే మార్చి పెట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, గాలి కోసం పైకప్పులో ఒక ప్లాస్టిక్ మూత. అడగ్గానే తాళాలు చేతిలో పెట్టాడు. గోదావరి దాకా వెళ్లి, ఒడ్డున వంట చేసుకుని తిని రావాలని ప్లాను.

"ఈ సంచారం మనకెందుకండీ, పిల్లలతో" అన్నాను. మాది గుంటూరు వైపు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అనే ఇల్లు.

"ఏం గాదు, జర ఫికర్ చేయకు. మస్తుంటది" అన్నారు. ఆయనది సిద్దిపేట. ఫికరంతా నాకు వదిలేసి ఆయన బండి కడగడానికి వెళ్లారు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఒక బొగ్గు గనుల ఊరు చేరాం. ఆకుల మీద బూడిద రంగు దుమ్ము. వరసగా ఒకేలాంటి ఇళ్లు, ప్రతి గోడకూ పై నుంచి కింది దాకా పగుళ్లు. భోజనం చేసిన హోటల్లో జనం మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తున్నారు. మేం చేతులు కడిగేసరికి హోటలామె బయట ఆడుకుంటున్న తన పిల్లల్ని లోపలికి పిలిచి సగం షట్టరు దించేసింది.

"ఎటు పోతున్రు?" అని అడిగింది.

"గోదారికి అక్కా."

"పెద్ద రోడ్డు మీదికెల్లే పోండ్రి. అడ్డదారి పట్టకుండ్రి."

ఎందుకని అడగాల్సింది. కానీ అప్పటికే పిల్లాడు ఐస్‌క్రీమ్ అని రోడ్డున పడి ఏడుస్తున్నాడు. వాణ్ని ఎత్తి బండిలో పడేశాను. ఫోన్ ఏమో అడ్డదారే దగ్గర అంది. ఫోన్ చెప్పాక మా ఆయన ఇంక ఎవరి మాటా వినరు.

ఊరు దాటి మట్టిరోడ్డెక్కిన కాసేపటికి రెండు కర్రల మధ్య అడ్డంగా ఒక తాడు కనిపించింది. మధ్యలో ఎర్ర గుడ్డ వేలాడుతోంది. చుట్టుపక్కల మనిషి లేడు. చవితికి ముందు హైదరాబాద్‌లో రోడ్డుకు అడ్డంగా తాడుందంటే గల్లీ పిల్లలు చందా కోసం కట్టారనే అర్థం.

"పిల్లగాండ్లు బువ్వకు పోయినట్టుండ్రు" అని నవ్వి మా ఆయన దిగబోయారు.

"మీరు కూర్చోండి" అని నేనే దిగాను. మెట్రో కట్టినన్నాళ్లూ అమీర్‌పేటలో బారికేడ్లు పక్కకు జరిపి స్కూటీ పోనిచ్చిన దాన్ని, నాకు తాడొక లెక్కా! ఒక కొస విప్పాను. వ్యాను దాటాక మళ్లీ కర్రకు కట్టి, గుడ్డ కూడా మధ్యకు సర్ది వచ్చాను. అమ్మాయి వెనక అద్దంలోంచి నన్నే చూస్తోంది.

లోపలికి వెళ్లేకొద్దీ నాకు బాగా అనిపించలేదు. ఒక పక్క మట్టి గుట్టలు. ఎదురొచ్చే బండి లేదు, మేక లేదు, కాకి కూడా లేదు. రోడ్డు పక్కన ఒకచోట మందపాటి ఇనుప రేకుల గూడు ఉంది, కూర్చోవడానికి బల్ల లేని బస్టాపులా. ఇక్కడ ఎవరెక్కుతారు బస్సు అనుకున్నాను. మా ఆయన మాత్రం ఖాళీ రోడ్డు చూసి మురిసిపోతున్నారు.

"గిసొంటి రోడ్డు అమీర్‌పేటల దొరుకుతదా చెప్పు" అంటుండగానే కూత మొదలైంది.

అద్దంలో వెనక్కి చూశారు. ఇండికేటరు వేశారు. బండిని ఎడమ పక్కకు దించి ఆపేశారు. అంబులెన్సుకు దారివ్వని వాళ్లను నడిరోడ్డు మీదే తిట్టే మనిషి ఆయన, ఈ ఒక్క విషయంలో నేనెప్పుడూ ఆయనకు వంక పెట్టలేదు. వెనక సీట్లో అమ్మాయి కళ్లు మూసుకుంది. "లోపల ఉన్నవాళ్లు బాగుండాలి."

ఎంతసేపు ఆగినా ఏ బండీ రాలేదు. కూత దగ్గరపడటం లేదు, దూరం కావడం లేదు. ఉన్నచోటే ఉండి అలా మోగుతూనే ఉంది.

"ఏవండీ, ఇది అంబులెన్సు కాదేమో."

వెనక తలుపు జరిగిన చప్పుడైంది. పిల్లాడు దిగిపోయాడు. రోడ్డు మధ్యన, కూత వస్తున్న వైపుకు, చెయ్యి ఊపుకుంటూ పరుగెత్తుతున్నాడు.

నేను వాడి వెనక పడ్డాను. ఎదురుగా బైకు మీద ఒక పెద్దాయన దుమ్ము లేపుకుంటూ వస్తున్నాడు. నోట్లో విజిల్, చంకలో ఎర్ర జెండా. బైకును అక్కడే పడేసి పిల్లాణ్ని చంకనెత్తుకున్నాడు.

"ఉరుకుండ్రి! గా డబ్బలకు ఉరుకుండ్రి! బండిని ఇడిసిపెట్టుండ్రి!"

నేను బస్టాపు అనుకున్న గూట్లోకి అందరం దూరాం. మా ఆయన అమ్మాయిని ఎత్తుకొచ్చారు. కూత ఆగిపోయింది. పెద్దాయన పిల్లాడి రెండు చెవులూ మూశాడు. నేను అమ్మాయివి మూశాను. ఇప్పటికీ నాకు కలలోకి వచ్చేది ఆ నిశ్శబ్దమే.

ముందు కాళ్ల కింద నేల అదిరింది. తర్వాత చప్పుడు. ఆ తర్వాత గూటి మీద రాళ్లు పడటం మొదలైంది, ఒకటీ ఒకటీగా, ఆ పైన గుప్పిళ్లు గుప్పిళ్లుగా. పిల్లాడు ఏడవలేదు. వాడు ఏడవనందుకు నాకు ఇంకా భయమేసింది.

దుమ్ము కాస్త తగ్గాక పెద్దాయన అడిగాడు. "కూత ఇనలేదా?"

"ఇన్నం అన్నా. అంబులెన్సు అనుకొని పక్కకు ఆపినం" అన్నారు మా ఆయన.

పెద్దాయన ఆయన ముఖంలోకి చూశాడు. "అంబులెన్సు దీని తర్వాత వస్తది బిడ్డా."

ఆయన తలగుడ్డతో పిల్లాడి ముఖం తుడిచాడు. "గనిల బండలు పేల్చే బ్లాస్టింగు టైముల మనిషి రావద్దనే తాడు కట్టింది. ఎవలు ఇప్పిన్రు?"

నేను నోరు తెరిచాను. మా ఆయన "నేనే" అన్నారు. పెద్దాయన ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన తలదించుకుని అన్నీ పడ్డారు. నేను ఆయన పక్కనే నిలబడి ఒక్క మాటా అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా అనలేదు.

వ్యాన్ దగ్గరికి వెళ్లి చూస్తే పైకప్పు మూత పగిలిపోయి ఉంది. పై పడక మీద, పిల్లాడి నీలం దిండు మధ్యలో, కొబ్బరి చిప్పంత రాయి. పొద్దున వాడు నిద్ర లేచింది ఆ దిండు మీదనుంచే.

గోదావరి చూడకుండానే ఇల్లు చేరాం. చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆయన ఈ కథ చెబుతారు, "గా తాడు ఇప్పి మస్తు తప్పు జేసిన" అని తన మీదే వేసుకుంటారు. అందరూ ఆయన్ను కోప్పడతారు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోతాను. అమ్మాయి మాత్రం కదలకుండా కూర్చుని అంతా వింటుంది.

మొన్న స్కూటీ మీద పిల్లలిద్దరినీ ఎక్కించుకుని పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాను. ముందు నిలబడిన పిల్లాడు బ్యాగుతో ఆడుకుంటున్నాడు. వెనకనుంచి అంబులెన్సు కూత. వాడి చేతులు ఒక్కసారిగా నా మణికట్లను పట్టుకున్నాయి. బండ్లు అటూ ఇటూ జరిగి దారిచ్చాయి, అది మా పక్కనుంచే వెళ్లింది. వెనక అమ్మాయి గొంతు కోసం ఎదురుచూశాను. రాలేదు. అద్దంలో చూశాను. దండం పెట్టలేదు. కళ్లు తెరుచుకుని ఆ బండినే చూస్తోంది.

"దండం పెట్టవేంటి తల్లీ?" అన్నాను.

అది బండి మీదనుంచి చూపు తిప్పి అద్దంలో నన్ను చూసింది.

"అమ్మా, వీళ్ల తాడు ఎవరు ఇప్పిండ్రు?"