మబ్బులో మిర్చి బస్తాలు

ఒక మిర్చి వ్యాపారినీ, ట్రాక్టర్లేసుకొని వచ్చిన రైతులనూ, వీళ్ళెవరితోనూ సంబంధం లేని ఒక పెళ్ళినీ ఒకే దెబ్బకు ఏడిపించిన ఘనత నాది. అదీ లాప్‌టాప్ ముందు కూర్చొని, వేలితో మిర్చికాయ ముట్టుకోకుండా.

అప్పుడు నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్ మీద సిరా ఆరకముందే ఖమ్మం తిరిగొచ్చాను. ఊరి బయట కోల్డ్ స్టోరేజ్ నడిపే ఖాదర్ సాబ్ దగ్గర ఉద్యోగం దొరికింది. తాతల నాటి నుంచీ మిర్చి వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. పాత రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. కానీ నాలాంటి మేధావి ఎక్కింపులతో ఆగుతుందా? కోర్సులో మాకు ఒక సూత్రం నేర్పారు. కంప్యూటర్ల సామర్థ్యం మన ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు, వ్యాపారి అవసరమేమిటో ముందు ఆయన్నే అడగాలి, దానికి తగ్గట్టు ప్లాన్ వేయాలి. సరే, అడిగాను. చేసిన తప్పల్లా అదే.

అన్నిటికన్నా దేనితో ఎక్కువ ఇబ్బందిగా ఉంది సాబ్ అంటే, ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టారు.

"స్టోరేజ్‌తోని బేటీ. సీజన్ వచ్చిందంటే లోడ్ మీద లోడ్ వస్తది. ఉన్నది సరిపోతలేదు."

నా గుండె పొంగింది. స్టోరేజ్, లోడ్! అరవై దాటిన మనిషి నోట ఇంత చక్కటి కంప్యూటర్ భాష వస్తుందని నేననుకోలేదు. కొనాల్సిన పనిలేదని, సీజన్ వరకు కిరాయికి తీసుకొని తర్వాత వదిలేయొచ్చని, వాడుకున్నంతకే కిరాయి కట్టొచ్చని చెప్పాను. సాబ్ కుర్చీలో ముందుకు జరిగారు. లోపల చల్లగా ఉంటదా అని అడిగారు. సర్వర్లు వేడెక్కకూడదన్న సంగతి కూడా ఈయనకు తెలుసు! రాత్రింబవళ్ళు ఏసీలోనే ఉంటుందన్నాను. కరెంటు పోతేనో అన్నారు. జనరేటర్లున్నాయన్నాను. దొంగల భయమో అన్నారు. తాళం మన దగ్గరే ఉంటుందన్నాను, పాస్‌వర్డ్‌ని మనసులో పెట్టుకొని. దూరమా అన్నారు. దూరంతో మనకు పనిలేదు, చేర్చే బాధ్యత నాది అన్నాను.

ఎన్ని టన్నులు పడతయ్ అని అడిగినప్పుడు మాత్రం కాస్త తికమక పడ్డాను. ఈ లోకంలో స్టోరేజ్‌ని టన్నుల్లో ఎవరు కొలుస్తారు? వ్యాపారస్తుల మాట తీరు అలాగే ఉంటుంది కాబోలని సర్దుకొని, ఎన్నయినా పడతాయన్నాను.

"ఈ కాలంల అన్నీ ఆన్‌లైన్‌లనే కిరాయికి దొరుకుతున్నయ్. జల్దీ తీస్కో బేటీ" అన్నారు సాబ్.

తీసుకున్నాను. సాబ్ రికార్డులన్నీ ఎక్కించినా అందులో ఒక మూలకు రాలేదు. మిగతాదంతా బోసిగా ఉంది. ఆ ఖాళీని చూసి ముందుచూపు అంటే ఇదీ అని మురిసిపోయాను. అటు సాబ్ కూడా మురిసిపోతూ, ఈసారి జాగాకు ఫికర్ లేదు, మాల్ తెచ్చుకోమని కనిపించిన రైతుకల్లా చెప్పారు.

తెచ్చుకున్నారు. ముదిగొండ, కారేపల్లి వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు మా గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరాయి. మధ్యాహ్నానికే లోపల నిండిపోయింది. ఆకాశం నల్లబడింది. ఆరబెట్టిన మిర్చికి చినుకు తగిలితే ఏమవుతుందో ఈ జిల్లాలో పసిపిల్లనడిగినా చెబుతుంది. సాబ్ మాత్రం నిబ్బరంగా నా టేబుల్ దగ్గరికొచ్చి, కిరాయి స్టోరేజ్ తెరవమన్నారు.

తెరిచాను, లాప్‌టాప్‌లో.

ఆయన తెర వంక చూశారు. లాప్‌టాప్ వెనక్కి వంగి చూశారు. నా ముఖం చూశారు.

"ఏడుంది?"

"ఇదే సాబ్. ఇంకా బోలెడు ఖాళీ ఉంది."

"గేట్ ఏడుంది బేటీ?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నా జవాబు ఆయనకు అర్థం కాలేదు. అంతలో, వరుసలో ముందున్న ట్రాక్టర్ తాలూకు రైతు, కారేపల్లి రాములమ్మ, బస్తాలు దింపమంటారా అని అడగడానికి లోపలికొచ్చింది. ఇద్దరికీ కలిపి వివరిద్దామని, దీన్ని క్లౌడ్ అంటారని చెప్పాను.

"గదేంది బిడ్డా?" అంది రాములమ్మ.

"క్లౌడ్ అంటే మబ్బు."

ఆమె కిటికీలోంచి పైకి చూసింది. "మబ్బయితే మాకు కనవడుతనే ఉంది గదా" అంది.

అప్పుడు, పొయ్యి మీద పాలు పొంగినట్టు, అంతా ఒక్కసారిగా అర్థమైంది. చల్లగా ఉండటం, తాళం, టన్నులు. సాబ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "రైతులకు మాట ఇచ్చిన బేటీ" అని మెల్లగా అని కూర్చున్నారు. ఆ మాట నన్ను కుర్చీలోంచి లేపింది.

అదే రోడ్డు మీద మా బాబాయి ఒక ఏసీ ఫంక్షన్ హాల్ చూసుకుంటాడు. ఫోన్ చేసి, ఈసారి స్టోరేజ్ అన్న మాట ఎత్తకుండా, బస్తాలు, మిర్చివి, ఎర్రవి, నిజమైనవి అని విడమరిచి చెప్పాను. మర్నాడు సాయంత్రం పెళ్ళి ఉందట. పొద్దున్నే ఖాళీ చేస్తామని బతిమాలి ఒప్పించాను. చివరి బస్తా లోపలికి వెళ్ళాక వాన దంచింది. ఒక్క కాయ తడవలేదు. సాబ్ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి వేరే కోల్డ్ స్టోరేజ్‌లో జాగా పట్టారు. పొద్దున్నే బస్తాలు అక్కడికి వెళ్ళిపోయాయి. హాల్ ఊడ్చి, కడిగి, అగరొత్తులు వెలిగించాం. గండం గడిచిందనుకున్నాను.

మిర్చి ధూళి ఏసీల్లోకి కూడా వెళ్తుందని మా కోర్సులో చెప్పలేదు.

పెళ్ళివారు వచ్చి ఏసీలు వేసిన కాసేపటికి మొదటి వరుసలో ఎవరో తుమ్మారు. తర్వాత వరుస. తర్వాత సన్నాయి ఆగిపోయింది. పంతులుగారి మంత్రం సగంలో తెగి, తుమ్ముతో ముగిసింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకొని, తుమ్మొచ్చి, ఆగి, మళ్ళీ పట్టుకొని, మళ్ళీ తుమ్మాడు. చంకలోని పాపాయి నుంచి పండు ముసలి దాకా అందరి కళ్ళూ ధారలే. అప్పగింతల వేళకు ఆ హాల్లో పొడి కన్ను లేదు. పెళ్ళికొడుకు తల్లి పెళ్ళికూతురికన్నా ఎక్కువ ఏడ్చింది. ఫొటోగ్రాఫర్ కెమెరా తుడుచుకోవాలో కళ్ళు తుడుచుకోవాలో తెలియక నిలబడ్డాడు.

నేను వెనక స్తంభం చాటున నక్కాను. పెళ్ళికూతురి బండి కదిలాక, దీనికంతటికీ కారణమెవరని ఎవరో నిలదీస్తే, బాబాయి వేలు నా వైపు తిరిగింది. పెళ్ళికూతురి తండ్రి నేరుగా నా దగ్గరికి నడిచొచ్చాడు. కొత్తగూడెం వైపు బొగ్గుగనిలో పనిచేసే మనిషి. తలుపంత భుజాలు, ఎర్రటి కళ్ళు. క్షమించమందామని నోరు తెరిచాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను ఏడిస్తే నా బిడ్డ బండెక్కదమ్మా. అందుకే ఏడ్వొద్దని ఒట్టు పెట్టుకొని వచ్చిన. మీ మిర్చి పేరు చెప్పి కడుపునిండ ఏడ్చిన. నేను ఏడ్చిన్నని ఎవ్వలకు ఎరుక కాలే."

ముక్కు చీదుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత స్తంభం చాటున నేను ఏడ్చింది మాత్రం మిర్చి వల్ల కాదు.

అక్కడే, తుమ్ముతున్న పంతులుగారి సాక్షిగా, ప్రమాణం చేశాను. ఇక మీదట ఏ వ్యాపారి స్టోరేజ్ చాలట్లేదన్నా, లోపల పెట్టేదేమిటో కళ్ళతో చూసి, చేత్తో పట్టుకొని, కాస్త దూరం నుంచి వాసన చూసి గానీ ప్లాన్ రాయను.